చాప తీసేసిన రోజు

బెలెంలో మధ్యాహ్నం రెండింటికి వాన.
"వాన వెలిశాక కలుద్దాం" అనుకుంటామిక్కడ,
గడియారంతో పనిలేదు.
ఐసు గోదాము మీది మేడగదిలో
పదకొండుమంది ఆడవాళ్లం.
రొయ్యపొట్టు వాసన నాది,
బస్సు చిల్లర వాసన వల్దెనోరాది.

మొదటిరోజే అడిగింది ఇరాసీ టీచరు:
"మీలో ఎవర్నైనా
నిలబెట్టి కొట్టారా ఎప్పుడైనా?"
గదిలో ఫ్యాను ఒక్కటే మాట్లాడింది.
"పడేసే కదా కొట్టింది!
పడ్డచోటి నుంచే మొదలుపెడదాం."

అరవై మూడేళ్ల మనిషి. కుడిచెవి
ఎండిన అల్లంకొమ్ములా ముడుచుకుపోయింది.
ఎన్ని భుజాల కింద నలిగిందో, చెప్పదు.

ముందు వెల్లకిలా పడుకోవడం నేర్పింది.
నవ్వొచ్చింది నాకు, అదీ ఒక విద్యేనా అని.
గడ్డం గుండెకి,
మోచేతులు డొక్కలకి,
వాడికీ నాకూ మధ్య తలుపురెక్కల్లా మోకాళ్లు.
ఆపైన నడుము వంచి, విదిలించి, వెనక్కి జారడం.
ఆ జారుడు పేరు "రొయ్య".
రోజుకి నలభై కిలోలు ఒలుస్తాను
ఒక్కటీ నాకీ సంగతి చెప్పి చావలేదు.

రెండోవారం వల్దెనోరా నా పొట్టమీద కూర్చుంది.
ఎనభైరెండు కిలోలు.
బరువుకి కాదు నేనేడ్చింది.
పైన కప్పు కనబడింది.
ఆ కప్పు కాదిది, తెలుసు.
సున్నం వేరు, దూలం వేరు,
ఊరే వేరు.
అయినా.

ఆమె గబుక్కున దిగిపోబోయింది.
"కూర్చో," అంది టీచరు. "నువ్వు దిగడం కాదు,
అది నిన్ను దించాలి."
దించేసరికి నెలా పదిరోజులు పట్టింది.

ఆ తర్వాత నాకు నేల రుచి మరిగింది.
కాళ్లతో నడుం బిగించి లాగడం,
మణికట్టు దొరికితే మోచెయ్యి విరిచేంతదాకా తేవడం.
కింద ఐసు కొట్టే జుర్సీనో
నా పట్టులో చాపమీద మూడుసార్లు తట్టాడు, వదలమని.
ఆ మూడు చప్పుళ్లూ
వారంరోజులు చెవిలో మోగించుకున్నాను.
ఎవరైనా పడెయ్యండి చూద్దాం
అన్నట్టుండేది నా నడక.

అందుకేనేమో ఒకరోజు చాపలు చుట్టేసి
రేవు మెట్లకి తీసుకెళ్లింది.
పోటు తీసిన బురద, చేపపొలుసులు, సీసాపెంకులు,
గోడమీద రాబందులు తీరిగ్గా.
"ఊఁ, కానివ్వండి."

కిందపడుతూనే వల్దెనోరా చెయ్యి దొరికింది నాకు.
ఎంత అందమైన పట్టు!
మెచ్చుకుంటుందని తల తిప్పానో లేదో
చెప్పు మొనతో నా కణత మీద మెల్లగా తట్టింది టీచరు.
"నేను రెండోవాణ్ణి.
పట్టిన చెయ్యి వదులుతావా, తల పగలనిస్తావా?"

వీపు కింద రాయి అప్పుడు తెలిసింది.

"గెలవడానికి పడుకున్నావా,
ఇంటికెళ్లడానికా?"

తన్ని దూరం చేసుకో.
ఒక చెయ్యి వెనక, ఒక పాదం ముందు,
రెండో కాలు పిర్రల కిందనుంచి లాగి లే.
చంకలో బిడ్డతో పొయ్యి ముందునుంచి లేస్తామే, అలా.
కళ్లు మాత్రం వాడిమీదే.
లేచాక వెనక్కి, వెనక్కి, తర్వాత పరుగు.
నలభైసార్లు చేయించింది.
మోచేతి తోలు మెట్లమీదే ఉండిపోయింది.

"మరి ఇన్నాళ్లూ ఈ పట్లన్నీ ఎందుకు నేర్పినట్టు?"
వల్దెనోరాకి కోపమొచ్చింది, నిజంగానే.
టీచరు చెప్పుకంటిన పొలుసులు గీక్కుంటూ అంది:
"నేలకి భయపడేవాళ్లు పాకుతారే.
భయంలేనివాళ్లు లేస్తారు."
కాసేపాగి, "అన్నిసార్లూ కాదు," అంది.

ఓడినవాణ్ణి మట్టికరిచాడంటారు.
నేనూ కరిచాను ఆ పూట.
కొంచెం బురద, కొంచెం చేప, ఏదో ఇనుము.
ఉమ్మేసి లేచాను, నలభయ్యొకటోసారి,
ఎవరూ చెప్పకుండానే.

ఆ రాత్రి ఉయ్యాల కొక్కెం నుంచి విప్పేశాను.
నాలుగేళ్ల తర్వాత నేలమీద, వెల్లకిలా.
మోకాళ్లు కాసేపు పైకే నిలబడ్డాయి, కాపలాగా.
కప్పుమీద ఒక బల్లి.
అది పురుగుని పట్టేదాకా చూద్దామనుకున్నాను,
మధ్యలో నిద్రపట్టేసింది.