బయానా

హెన్నింగ్ గారి చెయ్యి పెద్దది.
టొలీడోలో నలభై ఏళ్లు
ఇటుకల్నీ తాళంచెవుల్నీ చెక్కుల్నీ పట్టిన చెయ్యి.
ఇప్పుడు దానికి తెల్లటి కఫ్,
ఆ వేళ్ల మధ్య దేశముద్ర పడిన కాగితం.

నేను ఆయన దుబాసీని, స్కోప్యేలో పుట్టినదాన్ని.
ఆయన అన్నది మావాళ్లకీ
మావాళ్లు అననిది ఆయనకీ
చేరవేయడం నా పని.

మొదటి వారం
మంత్రిగారి కిటికీలోంచి వర్దార్ నదిని చూసి
"ఈ ఒడ్డున గజం ఎంత?" అన్నారు.
"మీ నది చాలా బాగుందట" అన్నాను.
జీతంలో అదీ ఒక భాగమే.

తర్వాత ఆ కొండ తగాదా.
అటొక దేశం, ఇటొక దేశం,
నడుమ గొర్రెలు తాగే ఒక ఊట.
మూడో రోజు ఆయన పాత విద్య బయటికి తీశారు:
వాచీ చూసుకున్నారు,
ఫైలు టప్పున మూశారు,
లేచి వెళ్లిపోయారు.

టొలీడోలో అయితే
లిఫ్టు తలుపు మూసుకునేలోపు
అమ్మేవాడు పరుగెత్తుకొచ్చేవాడట.

ఇక్కడ ఎవరూ రాలేదు.
లోపల ఇంకో విడత కాఫీ చెప్పుకున్నారు.
వసారాలో పదకొండు నిమిషాలు,
ఆయన కోటు నా చేతిమీద.
"ఎవరూ రారా?"
"రారండి. వాళ్ల తాతలప్పట్నుంచీ
కూర్చునే ఉన్నారు."

తిరిగి వెళ్లి కూర్చున్నారు.
ఆ పెద్ద చేతికి ఏం చెయ్యాలో తోచక
చక్కెర బిళ్లని
బల్లమీద అటూ ఇటూ జరుపుతోంది.

అప్పుడు కాపరుల తరపు ముసలాయన, నౌమ్,
అడిగాడు:
"ఇళ్లు కట్టేవాడివటగా.
వాటిలో జనం సుఖంగా ఉన్నారా?"

నేను మార్చి చెప్పాను.
చాలాసేపు ఏమీ అనలేదు.
ఈసారి ఆ మౌనం ఎత్తుగడ కాదని
నాకెలా తెలిసిందో తెలియదు.

"తెలీదు," అన్నారు.
"అమ్మేసి వెళ్లిపోయేవాణ్ణి."

ఒక్క అక్షరం తగ్గించలేదు నేను,
ఒక్క అక్షరం కలపలేదు.

నౌమ్ తన అత్తిపండ్ల పళ్లెం
ఇటువైపు తోశాడు.
మావైపు కపార్ అంటారు,
బేరం కుదరకముందే
చేతిలో పెట్టే నాలుగు నాణేలని.
బయానా.
అదే అనుకున్నాను.
ఆయనతో అనలేదు.

ఊట సంగతి తేలలేదు.
కాగితాల మీద ఏ సంతకమూ పడలేదు.

కారులో అడిగారు:
"రేపు మళ్లీ కూర్చుందాం అని
మీ భాషలో ఎలా అంటారు?"

చెప్పాను.
రాతివంతెన దాటేదాకా
గొణుక్కుంటూనే ఉన్నారు,
ప్రతిసారీ తప్పుగా.
నేను దిద్దలేదు.