తినకపోతే బూచోడొస్తాడు

బుధవారం రాత్రి ఫోన్లో బడివాళ్ళ మెసేజి:
రేపు అలోయిన్ అంట,
పిల్లోళ్ళు దయ్యాల తిండి తేవాలంట.
మోనిష చేత రెండుసార్లు చదివించుకున్నా.
దయ్యాలకు తిండా, దయ్యాల్లాంటి తిండా
అని అడిగితే
"దయ్యాల్నే తినాలి మా" అనింది.

తెల్లారేసరికి తుపాను.
నీవా ఒడ్డు వీధుల్లో మోకాటి లోతు నీళ్ళు.
బడికి సెలవని కలెక్టరు ఉత్తర్వు,
గ్రీమ్స్‌పేట మలుపులో నా టిఫిన్ బండికి
ఉత్తర్వు లేకుండానే సెలవు.
ఇంట్లో మిగిలింది
రెండు బేసిన్ల పొంగిన పిండి,
పొంగడం ఆపని ముగ్గురు పిల్లలు.

మోనిష, పక్కింటి ఫర్హాన్,
పైపోర్షను లలితక్క కొడుకు మునీంద్ర.
వాడికి నాలుగేళ్ళు,
చీకటి పడితే ఎవరి కొంగు దొరికితే ఆ కొంగు
నోట్లో పెట్టుకుంటాడు.

ఇడ్లీ తెల్లగా పుడుతుంది కాబట్టి
సగం దయ్యం ముందే తయారు.
పదిహేనేళ్ళుగా రోజుకు మూడొందలు దించుతున్నా,
ఒక్కదానికైనా ముఖముందని నాకు తెలీదు.
రెండు మిరియాలు గుచ్చితే
చూసింది.
నోటి దగ్గర వేలితో నొక్కితే
ఓ... అనింది.

ఫర్హాన్‌ది రాగిముద్ద.
నల్ల తలకాయ, చెనక్కాయ పలుకుల పళ్ళు.
ఒక పన్ను దోవలోనే వాడి నోట్లోకి పోయింది,
అందుకే దానికీ వాడికి మాదిరే
ముందు పన్ను లేదు.
బీట్‌రూట్ చట్నీ నెత్తురు,
ఉడికిన సేమ్యా వానపాములు.
పొట్లకాయకు మాత్రం ఏ వేషమూ వెయ్యలేదు,
తలుపు వెనక వేలాడదీస్తే చాలింది.
కొడుకును పిలవడానికొచ్చిన లలితక్క
పెట్టిన కేకకు
ముగ్గురూ నేలమీద పడి పొర్లినారు.

మోనిష ఫోన్లో చూపించింది,
గుమ్మడికాయకు కళ్ళు కోసి, పళ్ళు కోసి
కడుపులో దీపం పెట్టినారు.
ఏడాదికి ఒక్కరోజంట వాళ్ళకు.
వాకిలి పైకి చూడవే అన్నా.
మా గుమ్మంలో బూడిద గుమ్మడి
మీసాలు తిప్పి, కోరలు పెట్టి, నాలుక చాపి
మూడేళ్ళుగా వేలాడతా ఉంది,
ఒక్కపూట సెలవు అడగలేదు.
నేనేమో తిరపతి గంగజాతరలో
ఒళ్ళంతా నాముసుద్ద పూసుకున్న మా మామను
గుర్తుపట్టక చెప్పులు వదిలేసి పరిగెత్తినదాన్ని.
నాకు చూపిస్తుంది, దయ్యాలు!

చిన్నప్పుడు నేను అన్నం తినకపోతే
మా అమ్మ బూచోణ్ణి పిలిచేది.
కానుగచెట్టు దిగి, గోనెసంచి భుజానేసుకుని
వాడు వస్తానే ఉండేవాడు.
మింగడం ఆలస్యమైతే ఒక అడుగు,
ఇంకా ఆలస్యమైతే ఇంకొక అడుగు.
నా ఎముకల్లో అన్నమెంతో, భయమెంతో
ఏ డాక్టరూ విడదీసి చెప్పలేదు.

అప్పుడే కరెంటు పోయింది.

చార్జింగ్ లైటు నేలమీద పెడితే
ఇడ్లీల నీడలు గోడెక్కి
పైకప్పు దాకా లేచినాయి.
నాకే కొంచెం గుండె జారింది,
పిల్లల ముందు చెప్పుకోకూడదు గానీ.
ఫర్హాన్ వాడి తలకాయను చెవి నుంచి మొదలుపెట్టినాడు.
మోనిష ఒక కన్ను పీకి కొరికి,
అబ్బా మంట అని ఉమ్మేసి
రెండోది నా ప్లేట్లో వేసింది.
నేను తిన్నా.
వేడివేడిగా, మెత్తగా, ఉప్పు కాస్త తక్కువగా ఉండాది
బూచోడి తల.

మునీంద్ర మాత్రం ముట్టలేదు.
వాడి నోట్లో కొంగు లేదని
అప్పుడు చూసినా.
తన దయ్యాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని
చట్నీలో వేలు ముంచి
దాని గుంతనోటికి అద్దుతున్నాడు,
బుజ్జగిస్తా, మధ్యలో గదమాయిస్తా,
వాడెన్నడూ చూడని మా అమ్మ గొంతుతో:

"తిను...
తినకపోతే మా అమ్మొస్తాది."

పైన లలితక్క నడుస్తున్న చప్పుడు.
వాడు దయ్యం కళ్ళు రెండూ
చేత్తో మూసినాడు.