పెద్ద కె

కాశీనగరం మండీలో కాటా కంప్యూటర్ మార్చి
తొమ్మిది రోజులు.
పాతది ఎలా రాసినా సర్దుకుపోయేది,
మా లెంకా బాబులాగ. పేరు తప్పు పలికినా
"ఆఁ, నేనే" అంటూ వచ్చేసేవాడు.
ఇది అలాక్కాదు.

కట్నీ సున్నా అని రాసింది నేనే.
క్వింటాకి ఒక్క కిలో కూడా కొయ్యొద్దని
గోడ మీద నోటీసు, ఫైల్లో నా వరుస,
రెండూ ఒకటే మాట.
కాకపోతే కెని పెద్దక్షరంతో మొదలెట్టాను,
మర్యాదగా,
అర్జీ మొదలెట్టినట్టు.

అది చిన్న కె కోసం వెతికింది.
దొరకలేదు.
దొరకలేదని చెప్పనూ లేదు.
ఎవరో ఎక్కడో ముందే రాసి పెట్టిన అయిదుని
చప్పుడు చెయ్యకుండా తీసుకుంది.

వంశధార మీంచి మంచు
ట్రాక్టర్ల మీదికి పాకే వేళ
సుంబారి రైతా వచ్చింది.
స్లిప్పు చదవడం రాదు.
కొంగుముడి విప్పి చింతగింజలు బల్ల మీద పోసింది,
పద్దెనిమిది, బస్తాకొకటి.
ఒకదాన్ని పక్కకి జరిపి
"ఇదేదీ?" అంది.
"మెషిన్ తప్పు చెయ్యదమ్మా" అన్నాను.
అన్నాను. ఆ మాట నాదే.

ఆ రాత్రి ఫైలంతా వేలు పెట్టి చదివాను.
అన్నీ సరిగ్గానే ఉన్నాయి.
మళ్ళీ చదివాను.
సరిగ్గా ఉన్నదాన్ని ఎన్నిసార్లు చదివితే
తప్పు కనబడుతుంది?

మా తెలుగులో పెద్దక్షరం లేదు,
బళ్ళో దిద్దిన ఒడియాలోనూ లేదు.
రాజుకైనా రాగి అంబలికైనా
ఒకటే రా.
అలాగని మా దగ్గర పెద్దా చిన్నా లేవని కాదు,
కాటా మీదికి ముందు ఎవరి బండి ఎక్కుతుందో
ఒక్క పూట నిలబడి చూడండి.

రెండు గంటలప్పుడు
కెని చిన్నది చేశాను.
కాటా సరయింది.
తొమ్మిది రోజులు సరి కాలేదు.

ముందు అడ్డగీతల గుర్తు పెడితే
ఆ వరుసని మెషిన్ చదవదు.
అక్కడ రాశాను:
సుంబారి రైతా, నలభై అయిదు కిలోలు, బాకీ.
స్లిప్పుల కట్ట విప్పి, కింద ఇంకో పేరు,
ఇంకోటి,
టీ కొట్టు పొయ్యి రాజుకునేదాకా.

ఇంగ్లీషులో కొట్టాలి కదా,
ప్రతి పేరు మొదట్లో వేలు ఆగింది.
పెద్దక్షరమే కొట్టాను.