పదిహేడో పట్టీ

ఫెర్గానాలో పత్తి గింజ వేసేటప్పుడు
చాళ్ల మీద ప్లాస్టిక్ పొర కప్పుతారు,
నేల వెచ్చగా ఉండాలని.
ఆ పొరలో నూటికి ఇరవై పాళ్లు సుద్దే,
చవగ్గా వస్తుందని కలిపినది.

అది ముసలిదయ్యే తీరు రాసుకోవడం నా ఉద్యోగం.

ముప్పై పట్టీలు కోశాను.
ప్రయోగశాల డాబా మీద, దక్షిణానికి వాల్చిన చట్రాలకి
ఒక్కటి తప్ప అన్నీ బిగించాను.
నెలకొకటి విప్పి తెచ్చి
యంత్రం దవడల మధ్య పెట్టి లాగడం,
తెగేదాకా.

మొదటి నెలది సాగీ సాగీ నన్నే విసిగించింది.
సూక్ష్మదర్శిని కింద
ప్రతి సుద్ద రేణువు చుట్టూ చిన్న ఖాళీ,
కన్ను తెరిచినట్టు.
పట్టుకున్నట్టే ఉండి వదిలేసిన చోటు అది.

ఐదో నెలకి ఎండ లోపలికి దిగింది.
పొడుగాటి గొలుసుల్ని ఎక్కడ పడితే అక్కడ తెంపింది.
తెగిన ముక్కలు ఊరుకుంటాయా,
మోపు దించిన కూలీల్లా కాస్త కదిలి, మడతపడి,
పక్కపక్కన సర్దుకుని స్ఫటికాలయ్యాయి.
పాడవడమంటే చెదిరిపోవడం అనుకునేదాన్ని.
ఇది ఇంకా కుదురుగా అయింది.
కుదురు ఎక్కువై పెళుసైంది.

"ముసలితనమంటే వదులవడం కాదు జుల్ఖుమోర్,
బిగుసుకుపోవడం" అన్నాడు ఎర్గాష్ ఆకా,
పియాలాలో టీ ఊదుకుంటూ.
ఆయన నడుముకీ ఒక పట్టీ ఉండేది అప్పటికే.

తొమ్మిదో నెలదాన్ని తాకితే
వేలికి తెల్లగా అంటింది.
పైన ప్లాస్టిక్ అరిగి సుద్ద బయటపడింది.
ఆ వేలితోనే బల్ల మీద తొమ్మిది వేశాను.
చదవొచ్చు, బాగానే.

ఇక పదిహేడోది.
పోలిక కోసం దాచినది.
నల్ల కాగితంలో చుట్టి, అంచులు అతికించి, సొరుగులో.
మారినవాటిని కొలవడానికి
మారనిది ఒకటి ఉండాలి కదా.

ఎర్గాష్ ఆకా రిటైరయ్యాక తాళంచెవి నాకొచ్చింది.
పదకొండేళ్ల తర్వాత విప్పాను.
మెరుస్తోంది.
వేలు పెడితే మైనంలా జిడ్డు,
లోపల కలిపిన మందేదో తనంతట తానే పైకి తేలింది.
లాగాను.
మునుపు సాగినంతలో సగం సాగి
టప్పున తెగింది.
ఎవరూ ముట్టుకోకుండానే
చీకట్లో, తీరిగ్గా,
స్ఫటికాలు పెంచుకుంటూ కూర్చుంది.

మరి ఇన్నేళ్లూ నేను దేన్ని దేనితో పోల్చాను?

రిజిస్టర్లో పదిహేడు ఎదురుగా
ఏటేటా ఆయన రాత: మార్పు లేదు. మార్పు లేదు.
కాగితం అంచు ఒక్కసారైనా ఊడదీసిన జాడ లేదు.
నేను కొట్టేయలేదు.
కింద తేదీ వేసి నా కొలత రాశాను.

డాబా మీద నించి చూస్తే
రోడ్డవతల చేలో పాత పొర పీకుతున్నారు.
రావట్లేదు, ముక్కలై మట్టిలోనే ఉండిపోతోంది.
ఒకామె గుప్పెడు ఏరి గోనెలో వేసి
చేతులు దులుపుకుంది.
తెల్లగా లేచింది.
సుద్దో, దుమ్మో,
ఇంత దూరం నించి తెలియదు.