గేట్లు దించినంక

గేట్లెత్తిన్రని టీవీల చెప్పుడే ఆలస్యం
యాడాది పొడుగూత గుర్తుకు రాని మా ఊరు
అందరికీ ఒక్కసారే యాదికొస్తది.
హాలియా దిక్కు నుంచి, మాచర్ల దిక్కు నుంచి
కార్లు, ట్రాలీ ఆటోలు, పెండ్లి బస్సులు
బ్రిడ్జి మీద ముక్కుకు ముక్కు ఆనించుకొని నిలబడ్తయి.
తుంపర పడ్డ కండ్లద్దాలు తుడుచుకుంట
"అబ్బ, అచ్చం సముద్రమే" అంటరు.

నేను మక్క కంకులు కాల్చి అమ్ముత.
సముద్రాన్ని ఎన్నడు సూడలే.
నిమ్మచెక్కతోని ఉప్పూ కారం రుద్దుకుంట
"అవు సార్, సముద్రమే" అంట.
ఇరవై రూపాయల బేరానికి ఇంకేం చెప్పాలె.

ఆ నాలుగు దినాలు పైలాన్ కాలనీల
రూములు దొరకయి.
మా మేనత్త రామనర్సమ్మ పట్టెమంచం గూడ కిరాయికిచ్చి
పొయ్యి పక్కన చాపేసుకొని పంటది.
విజిలూది ఊది గొంతు పోయిన కానిస్టేబులు
సైగలతోని చాయ్ అడుగుతడు.
తప్పిపోయిన పిల్లలు దొరుకుతరు,
చెప్పులు దొరకయి.
ఒకసారి నా బండి కింద పదకొండు మిగిలినయి,
ఎట్ల కలిపి సూసినా
ఒక్క జత కాలే.

అటెన్క ఒకనాడు
ఎవ్వరికి చెప్పకుంట గేట్లు దించుతరు.

చప్పుడు ఆగిపోయినా నిద్ర చెడ్తది.
పక్కింటోళ్ళు దగ్గుడు వినబడ్తది,
గోడ గడియారం మళ్ళ ఇంట్లకొస్తది.
మా నాయన డ్యాంల గేజి సూసేటోడు.
ముప్పై ఒక్క ఏండ్లు నీళ్ళ ఎత్తు రాసిండు,
ఇంట్ల ఎవరికన్న జరమొచ్చినా
"ఎన్నడుగులున్నది?" అని అడిగెటోడు.
ఇప్పుడు కండ్లు ఆనవు.
గేట్లు పడ్డ రాత్రి మాత్రం గోడ దిక్కు మళ్ళి
"ఐదొందల ఎనభై తొమ్మిది" అని గొణుగుతడు.
పొద్దున పోయి అడిగితె అంతే ఉంటది,
పాయింటు మీద రెండో మూడో తేడా.

ఎండలు ముదిరి నీళ్ళు దిగుతుంటె
గుట్టల నడుముకు ఒకదాని కింద ఒకటి
తెల్ల గీతలు తేల్తయి.
నాయన రూళ్ళ పుస్తకాన్ని
ఎవరో బయట ఆరేసినట్టు.

సూరాడ పోలమ్మ మా గల్లీలనే ఉంటది.
మొగనితోని, వలతోని
భీమిలి దిక్కు నుంచి ఎప్పుడో వచ్చింది.
మొగడు పోయిండు, వల ఉన్నది.
ఎవరన్న సముద్రమంటె చాలు
జెల్లలు కోసే కత్తిపీట మీది నుంచి లేస్తది:
"ఇదేటి సముద్రం బాబూ?
సముద్రానికి తలుపులుంటాయేటి?
ఎవడో గదిలో కూకుని మీట నొక్కీసరికి
నోరు మూసుకుంటాదేటి?"
వాళ్ళు నవ్వి ఫోటో తీసుకుంటరు.
అరకిలో తీసుకుంటరని ఆమె ఆశ.

మాఘంల ఒక పొద్దు,
బ్రిడ్జి మీద కుక్కలు నడిమిట్ల పండుకునే కాలం,
నా బండి కాడికొచ్చి గల్లుప్పు అడిగింది.
దోసెడు పోసిన.
రెండు రూపాయలు వద్దంటె
పెనం మీద పెట్టి పోయింది.
ఘాటు మెట్లు దిగి
మోకాళ్ళ లోతుల నిలబడి
గుప్పిడి గుప్పిడి ఇడిసింది నీళ్ళల్ల.

పైకొచ్చి, చీర కుచ్చిళ్ళు పిండుకుంట
నేనడగకముందే అన్నది:
"ఉప్పునీట పుట్టినోడు.
ఈ చప్పనీళ్ళలో ఆడికి నిద్దర పట్టదు."

అప్పటి సంది మాఘంల
నేనే పొట్లం కట్టి పెడ్త.
పైసలు మాత్రం ఇచ్చే పోతది.

మొన్న మళ్ళ గేట్లెత్తిన్రు.
ఇసుక పోస్తె రాలనంత జనం.
దేవరకొండ నుంచంట, తండ్రి భుజాల మీద
రెండు జడల పిల్ల.
తుంపర మూతి మీద పడంగనే
నాలిక సాపి
"నాయినా, ఉప్పగున్నది!" అని అరిచింది.

చేతిల నా కంకే ఉన్నది.
పెదవులకంత కారమే.
నేనేం అనలే.

పోలమ్మ కత్తిపీట ఆపింది.
చేప సగం తెగి అట్లనే ఉన్నది,
బేరమాడే ఆయన రెండుసార్లు పిలిచిండు.