నలభై మంది లేని బల్ల

కాశీబుగ్గ బస్టాండు పక్క సందులో
మందుల షాపు మీద మేడ గది, నా నెట్ సెంటర్.
రెండో నెంబరు కంప్యూటర్‌కి
పది రోజులుగా తెర మీద నల్లని గళ్ళు.
పేజీ కిందకి జరిపితే
పైనున్న అక్షరాలు అక్కడే అంటుకుపోయేవి,
చినిగీ చినగని ఎన్నికల పోస్టర్లా.

ఢిల్లేశు వచ్చి, మూత విప్పి, ఊది, వాసన చూసి
"గ్రాఫిక్స్ కార్డు పోతన్నాదక్కా.
కొత్తది శనివారం తెస్తాను.
అందాకా బ్రౌజర్లో దాని సాయం ఆపీ" అన్నాడు.
సెట్టింగుల అడుగున చిన్న మీట.
నీలం నుంచి బూడిదకి జరిపాను.
గళ్ళు పోయాయి.
వేగమూ పోయింది.

"మరి బొమ్మలెవరు గీస్తార్రా?"
"ప్రాసెసరే. ఆడొక్కడే.
కార్డంటే చిన్న చిన్న చేతులక్కా, వందలు,
అన్నీ ఒక్కపాలే పన్జేస్తాయి."
నాకింక చెప్పక్కర్లేకపోయింది.

నేను పుట్టింది పలాసలో, జీడి షెడ్ల వెనక వీధి.
రేకుల కింద పొడుగాటి బల్ల,
అటు ఇరవై, ఇటు ఇరవై మంది ఆడవాళ్ళు.
గంపెడు పప్పు ఒంపితే
ఎవరి ముందున్నది వాళ్ళు,
పొట్టు ఎగిరేది,
గుళ్ళు గుళ్ళలోకి, బద్దలు బద్దల్లోకి,
టీ గంట కొట్టేసరికి బల్లంతా తెలుపు.
ఎవరూ గొప్ప పనివాళ్ళు కారు.
నలభై మంది, అంతే.

ఒకసారి కోటబొమ్మాళి జాతరకి అందరూ వెళ్ళిపోతే
లారీ రాత్రికే కదలాలని షావుకారు అమ్మని పిలిచాడు.
అమ్మ తెలివైంది. లెక్కలు నోటితో చేస్తుంది,
చీటీపాట నడుపుతుంది,
ఇద్దరు మేస్త్రీల తగువు ఒక్క మాటతో తెంపుతుంది.
ఆ రాత్రి ఆ తెలివి ఎందుకూ పనికి రాలేదు.
ఒక్కో పప్పు. ఒక్కో పప్పు.
బల్ల అవతలి కొస మసకలో అలాగే ఉంది.

ఇవాళ జోష్ణ వచ్చింది
(పదో తరగతి మార్కుల జాబితాలో అలాగే పడింది, త లేకుండా).
వెబ్ ఆప్షన్లకి ఆఖరి రాత్రి.
ఒకటో నెంబరు కీబోర్డు మీద మొన్ననే టీ ఒలికింది.
ఇంక ఇదే దిక్కు.

కాలేజీల జాబితా
అట్టు కాలినట్టు వచ్చింది, ముందు అంచులు, తర్వాత నడుమ.
పైన ఒక జెండా బొమ్మ, గాలికి ఊగుతూ.
ఊగమని దాన్నెవరడిగారు?
దాని ఒక్కో మడతా
లోపల ఆ ఒక్కడే గీయాలి.
మౌసు చక్రం తిప్పితే
మనం వేలు తీశాక పేజీ కదులుతోంది.
ఫ్యాను హోరు.

"అక్కా, ఏటవుద్ది?"
"ఏటీ అవదు. మళ్ళీ మళ్ళీ నొక్కకు.
నొక్కితే అదీ ఒక పనే దానికి."
పదకొండూ నలభై.
మెట్ల మీద జోష్ణ నాన్న
వెలిగించని బీడీ నములుతున్నాడు.
మిగతా ట్యాబులన్నీ మూసేశాను:
నా పాటలు, బంగారం ధర, ఎవరిదో పాన్ కార్డు.
జెండాని ఆపే దారి దొరకలేదు.
పెట్టె మీద చెయ్యి వేస్తే
జ్వరం పిల్లాడి వీపు.

పదకొండూ యాభై రెండుకి
ఆప్షన్లు సేవ్ అయినట్టు పచ్చని అక్షరాలు,
సగం ముందు, సగం తర్వాత.
ఇరవై రూపాయలు. ప్రింటుకి అయిదు.

ఇంటికెళ్ళి చెబితే అమ్మ మంచం మీద లేచి కూర్చుంది.
"మరా నలబై మందీ ఏరీ?"
"పెట్టెలోనే ఉన్నారు. పనివ్వడం ఆపేశాం."
"కరెంటో?"
"కొంచెం తాగుతారు."
అమ్మ తన వేళ్ళు చూసుకుంది,
జీడి రసం తిన్న నలుపు ఇంకా వదల్లేదు.
షెడ్డులోకి మిషన్లొచ్చి నాలుగేళ్ళు.
"ఆల్లే నయమే.
మమ్మల్ని ఆపీసినాక టీ కూడా పొయ్యలేదు."

శనివారం ఢిల్లేశు రాలేదు.