శేషం

ఫిబ్రవరి వస్తే చాలు నాకు
మూడో తరగతి భాగహారం మళ్లీ మొదలు.
పైన చందా. కింద చదివిన సార్లు.
గీత గీసి, భాగించి,
ఏ పత్రిక ఉంచాలో ఏది తెంచాలో
సోమవారంలోగా రాసిమ్మన్నారు.

కిటికీలోంచి సముద్రం గాలి.
ఏటా రంగేస్తున్నా ఈ ఇనప ర్యాకులకి
ఉప్పు ముందు పూతని తింటుంది, తర్వాత ఇనుముని.
పాత సంపుటాల మీద గుడ్డ ఆడిస్తూ పైడిరాజు
"ఇవైతే మనవే గదండీ" అంటాడు.
ఔను. తుపానుకి తడిసి
అప్పడాల్లా ఉబ్బినా మనవే.
తెర మీదవి అద్దెవి.
కిరాయి ఆపిన రాత్రే
పదేళ్లు డబ్బు కట్టినవి కూడా తలుపేసుకుంటాయి.

కంపెనీ కుర్రాడు బీచ్ రోడ్డు హోటల్లో టీ పోయించి
విడిగా అమ్మం, కట్టగానే కొనాలన్నాడు.
ఫిషింగ్ హార్బర్లో తెల్లారగట్ల
దానమ్మా పోగులు పెట్టే అమ్ముతుంది:
పైన రెండు వంజరాలు,
అడుగున నిన్నటి కానాగంతలు.
అక్కడైతే మొప్ప ఎత్తి చూడొచ్చు.
బేరమాడితే తిడుతుంది, తిడుతూనే తగ్గిస్తుంది.
ఈ కుర్రాడు తిట్టడు. తగ్గించడు.
నవ్వుతూ ఏటికేడూ ఏడు శాతం పెంచుతాడు.

కట్టలో రెండు వందల పన్నెండు.
నూట నలభై ఒకటి ఎవరూ తెరవనే లేదు.
సున్నాతో భాగించబోతే
కంప్యూటర్ ఎర్రగా అరిచింది,
అచ్చం మా లెక్కల మేస్టారిలా.

అన్నిటికన్నా చవకది
చదువుకి పద్దెనిమిది రూపాయలు. మూడు వేల చదువులు!
సంబరపడి లోపలికెళ్లి చూస్తే
అన్నీ ఒకే రాత్రి, ఒకే హాస్టల్ గదిలోంచి,
రెండున్నర గంటల్లో.
పెళ్లి పంక్తిలో లడ్లు జేబులో కుక్కుకున్నట్టు
ఎవడో మొత్తం దించి దాచుకున్నాడు.
తిన్నాడో లేదో ఎవరు చెప్పాలి?

అన్నిటికన్నా ఖరీదైనది సముద్ర జీవాలది.
లక్షా ఎనభై నాలుగు వేలు. నాలుగు సార్లు.
చదువుకి నలభై ఆరు వేలు.
శేషం లేదు. నిక్కచ్చిగా తెగింది.

ఆ నాలుగూ ఒక్కరివే.
గనగళ్ల నూకరత్నం, పూడిమడక.
కవళ్లు ఒడ్డు విడిచి ఎటు పోతున్నాయని
ఐదేళ్లుగా అడుగుతోంది.
ఒక పట్టికని నోటుబుక్కులోకి
పెన్సిల్‌తో ఎక్కించుకుంటుంటే చూశాను.
ఓ వరసలో నీటి వెచ్చదనం,
పక్క వరసలో వాళ్ల నాన్న వల ఖాళీగా లాగిన తేదీలు.
ఆ పేజీ ఎన్నిసార్లు చదివిందో
నా లెక్కకి తెలీదు.
దించుకున్నది మాత్రం నాలుగు.

నిజం చెప్పాలంటే నేనేం పోరాడలేదు.
రిమార్కుల గడిలో ఓ వాక్యం రాశాను.
గడి చిన్నది.
ప్రింటులో సగమే పడింది.
అలాగే సంతకం పెట్టాను.

సాయంత్రం మెట్ల మీద ఎదురైంది.
"పాతవి కూడా పోతాయా మేడం?"
మార్చి ముప్పై ఒకటి దాకా ఉంటాయి,
దించుకోగలిగినన్ని దించుకో అన్నాను.
"పడవలోంచి దించినట్టే" అని నవ్వి
పెన్‌డ్రైవ్ ఉందా అనడిగింది.
సొరుగు వెతికి ఇచ్చాను.
ఎనిమిది జీబీలది.
పట్టవని తెలుసు.